ప్రతి పద్దుకూ రెండు చోట్లు

"లాభం వచ్చిందంటున్నారు, మరి డబ్బేదీ?" అకౌంటెంట్‌ని ఈ మాట అడగాలని చాలామంది మేనేజర్లకు ఉంటుంది. అమ్మకాలు చూసుకునేవాళ్లు, ఫ్యాక్టరీ నడిపేవాళ్లు, కొనుగోళ్లు చేసేవాళ్లకు నెలాఖరు మీటింగులో లెక్కల కాగితం చేతికి రాగానే ఆ ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. కామర్స్ చదవలేదు కదా, అడిగితే చులకనైపోతామేమోనన్న జంకు. ఆ జంకు అక్కర్లేదు. లెక్కల విద్య మొత్తంలో అంతకన్నా మంచి ప్రశ్న నాకింకొకటి తెలియదు. ప్రతి వ్యవహారాన్నీ రెండు చోట్ల రాసే జంటపద్దు విధానాన్ని గీత మీద గీతగా తీర్చిదిద్దినవాళ్లు సరిగ్గా ఆ ప్రశ్నకు జవాబు దొరికేలాగే దాన్ని తీర్చారు. ఆ పనితనాన్ని ఒకసారి దగ్గరగా చూస్తే బ్యాలెన్స్ షీట్ అంటే ఉన్న బెరుకు చాలావరకు పోతుంది.

ఈ పద్ధతిని మొదటిసారి వివరంగా అచ్చులో పెట్టినవాడు లూకా పచోలి. ఇటలీలో సాన్‌సెపోల్క్రో ఆయన ఊరు. ఫ్రాన్సిస్కన్ సన్యాసి, వృత్తి గణితం పాఠాలు చెప్పడం. కుర్రతనంలో వెనిస్‌లో ఒక వర్తకుడి పిల్లలకు చదువు చెబుతూ ఆ ఇంట్లో ఉన్నాడు కాబట్టి వ్యాపారం ఎలా నడుస్తుందో కళ్లారా చూశాడు. 1494లో వెనిస్‌లోనే ఆయన మహాగ్రంథం 'సుమ్మా' అచ్చయింది. అంకగణితం, బీజగణితం, రేఖాగణితం అన్నీ కలిసిన లావుపాటి పుస్తకం అది. అందులో ఒక భాగంగా, 36 చిన్న అధ్యాయాల్లో, లెక్కల పుస్తకాలు ఎలా రాయాలో చెప్పాడు. పండితుల లాటిన్‌లో రాయలేదు, బజారులో మాట్లాడే ఇటాలియన్‌లో రాశాడు. ఈ పద్ధతి తన సొంతమని కూడా చెప్పుకోలేదు. వెనిస్ వర్తకులు ఎలా రాస్తున్నారో అలాగే చెబుతున్నానన్నాడు. అది నిజమే. జెనోవా నగర పాలకుల 1340 నాటి ఖాతాల్లోనే జంటపద్దు కనిపిస్తుంది. రగూసా వర్తకుడు బెనెడెట్టో కొత్రూలీ 1458లోనే దీన్ని గురించి రాశాడు గానీ ఆ రాతకు 1573 దాకా అచ్చు యోగం పట్టలేదు. అంటే పచోలి చేసింది తరతరాల గుమాస్తాల చేతిపనిని ఒక్క మెలిక కూడా వదలకుండా కాగితం మీదికి దించడం. ఆ మెలికలే నాకు ఇష్టం.

ఆయన మొదటి మెలిక జాబితా. వ్యాపారం మొదలుపెట్టేవాడు పద్దులు రాసే ముందు తనకు ఉన్నవన్నీ, తాను ఇవ్వాల్సినవన్నీ ఒకచోట రాసుకోవాలి. నమూనాగా ఆయన ఇచ్చిన జాబితా మీద తేదీ కూడా ఉంది: 1493 నవంబరు 8, వెనిస్. ముందు చేతిలోని నగదు, తర్వాత నగలు, బట్టలు, వెండి సామాను, దుప్పట్లు, ఈకల పరుపులు, ఆ తర్వాత సరుకు. సరుకులో శొంఠి పెట్టెలు, మిరియాల బస్తాలు ఉన్నాయి. వాస్కో ద గామా కోళికోడ్ చేరడానికి ఇంకా నాలుగున్నరేళ్లు ఉంది. మలబారు మిరియాలు అప్పటికి అలెగ్జాండ్రియా మీదుగా వెనిస్ గిడ్డంగులకు చేరేవి. సరుకు తర్వాత ఇళ్లు, పొలాలు, బయట దాచిన డబ్బు, రావాల్సిన బాకీలు, చివరికి ఇవ్వాల్సిన బాకీలు.

ఈ వరస యథాలాపంగా పెట్టింది కాదు. ఎక్కువ విలువైనవి, సులువుగా చేజారేవి ముందు రాయమన్నాడు. ఇల్లు ఎవరూ ఎత్తుకుపోలేరు గాని నగదు అలా కాదు. ఇంకో షరతు కూడా పెట్టాడు: జాబితా అంతా ఒకే రోజున పూర్తి కావాలి. ఇవాళ నగదు లెక్కపెట్టి, వారం తర్వాత సరుకు లెక్కపెడితే మధ్యలో అమ్మిన సరుకు డబ్బుగానూ సరుకుగానూ ఎక్కడా రాకుండా లెక్క తప్పుతుంది. ఇప్పటి బ్యాలెన్స్ షీట్ తల మీద "మార్చి 31 నాటికి" అని ఒకే తేదీ ఎందుకుంటుందో మేనేజర్‌కు ఇంతకన్నా విడమరచి చెప్పనక్కర్లేదు. లాభనష్టాల ఖాతా ఒక ఏడాది నడకను చెబుతుంది, బ్యాలెన్స్ షీట్ ఒక్క రోజు నిలబడిన తీరును చెబుతుంది. స్టాకు లెక్కింపు రోజున గోడౌన్ గేటు మూసి సరుకు రాకపోకలు ఆపడం ఇందుకే. డెలివరీలు ఆగిపోతున్నాయని సేల్స్ వాళ్లు విసుక్కుంటారు గాని, ఆ ఒక్కరోజు ఆపు లేకపోతే ఏడాది మొత్తం లాభం మీద నమ్మకం ఉండదు.

జాబితా అయ్యాక మూడు పుస్తకాలు. మొదటిది కచ్చా చిట్టా. జరిగింది జరిగినట్టు ఇందులో రాసుకోవాలి. యజమాని రాయవచ్చు, గుమాస్తాలు రాయవచ్చు, చదువొచ్చిన ఇంటి ఆడవాళ్లు కూడా రాయవచ్చునన్నాడు. ఏ నాణెంలో బేరం జరిగితే ఆ నాణెంలోనే రాయాలి. ఎవరు కొన్నారు, ఎంత తూకం, ఎప్పటికి ఇస్తానన్నాడు, మధ్యవర్తి ఎవరు, ఏదీ వదలకూడదు. రెండోది చిట్టా. కచ్చా రాతను చేయి తిరిగిన గుమాస్తా ఒకే నాణేనికి మార్చి, క్లుప్తం చేసి, ప్రతి వ్యవహారాన్నీ రెండు ముక్కలుగా విడదీస్తాడు. మూడోది ఆవర్జా, అంటే లెడ్జర్. అందులో మనిషికో ఖాతా, సరుకుకో ఖాతా, నగదుకో ఖాతా ఉంటాయి. నగదు పద్దులు అన్నిటికన్నా ఎక్కువ పడతాయి కాబట్టి దానికి మొదటి పేజీ. ఏ పేరు ఏ పేజీలో ఉందో వెతుక్కోవడానికి అక్షరక్రమంలో సూచిక.

ఇక్కడ పెన్ను కదిలే తీరు చూడాలి. చిట్టాలో ఒక్కో పద్దులో డెబిట్ అయ్యే పేరు ముందు, క్రెడిట్ అయ్యే పేరు తర్వాత, రెంటి మధ్య రెండు ఏటవాలు గీతలు. గుమాస్తా ఆ పద్దును ఆవర్జాలో డెబిట్ వైపు ఎక్కించగానే చిట్టాలోని పద్దు మీద ఒక గీత కొడతాడు. క్రెడిట్ వైపు ఎక్కించాక రెండో గీత. పక్కన మార్జిన్‌లో రెండు అంకెలు రాస్తాడు, డెబిట్ ఏ పేజీకి వెళ్లిందో, క్రెడిట్ ఏ పేజీకి వెళ్లిందో. పని మధ్యలో ఎవరో పిలిచి గుమాస్తా లేచి వెళ్లినా, తిరిగొచ్చి చూస్తే ఒక్క గీతే ఉన్న పద్దు తనంతట తానే చెబుతుంది, సగం పని మిగిలిందని. మనిషి జ్ఞాపకం మీద భారం వేయకుండా కాగితమే గుర్తు పెట్టుకునేలా చేసిన ఈ చిన్న ఏర్పాటు చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

తప్పు పడితే ఏం చేయాలో కూడా ఆయన చెప్పాడు. ఒకరి ఖాతాలో పడాల్సింది ఇంకొకరి ఖాతాలో పడిందనుకోండి. గీకి చెరిపేయకూడదు. తప్పు పద్దు ఉన్నచోటే ఉంచి, గుర్తు పెట్టి, దానికి ఎదురు పద్దు రాసి రద్దు చేయాలి. తర్వాత సరైన ఖాతాలో సరైన పద్దు రాయాలి. పేజీ నిండితే నిలవను తర్వాతి పేజీకి తీసుకుపోవాలి గాని మధ్యలో ఖాళీ పేజీలు వదలకూడదు, వాటిలో ఎవరైనా ఏదైనా ఇరికించారన్న అనుమానానికి చోటివ్వకూడదు. ఐదు శతాబ్దాల తర్వాత మన దేశంలో కంపెనీల లెక్కల నియమాలు ఇదే మాటను కంప్యూటర్‌కు చెప్పాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలి, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదు. పాత ఓచరు మార్చబోతే సిస్టమ్ గుర్తు పెట్టుకుంటోందని విసుక్కునే మేనేజర్లు, వెనిస్ గుమాస్తా చేతిలో ఉన్న క్రమశిక్షణే ఇప్పుడు యంత్రంలో ఉందని గ్రహిస్తే మంచిది.

ఇంతకీ ప్రతి వ్యవహారాన్నీ రెండు చోట్ల ఎందుకు రాయాలి? దీనికి జవాబు అంకెల్లో చూస్తేనే రుచి తెలుస్తుంది. విజయవాడలో ఒకాయన నోటుపుస్తకాలు అచ్చువేసే చిన్న ప్రెస్సు పెట్టాడనుకుందాం. జీఎస్టీ లెక్క ప్రస్తుతానికి పక్కన పెడదాం. ఆయన బ్యాంకులో 10,00,000 వేశాడు. ఎడమ వైపు బ్యాంకు ఖాతాలో 10 లక్షలు, కుడి వైపు మూలధనం ఖాతాలో 10 లక్షలు. ఎడమ వైపు డబ్బు ఇప్పుడు ఏ రూపంలో ఉందో చెబుతుంది, కుడి వైపు అది ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది. డెబిట్, క్రెడిట్ అనే మాటల్లో మంచీ చెడూ ఏమీ లేదు. మీ ఖాతాలో డబ్బు వేస్తే బ్యాంకు మెసేజ్‌లో 'క్రెడిట్' అని వస్తుంది, మీ పుస్తకంలో అదే డబ్బు బ్యాంకు ఖాతాకు డెబిట్. బ్యాంకు తన పుస్తకం రాసుకుంటోంది, అందులో మీరు దానికి అప్పిచ్చినవారు. అంతే.

మొదటి నెల. 6,00,000 పెట్టి మెషీన్ కొన్నాడు, బ్యాంకు తగ్గింది, మెషీన్ వచ్చింది. 3,00,000 విలువైన కాగితం అరువు తెచ్చాడు, అందులో 2,00,000 కాగితం వాడి పుస్తకాలు కొట్టి, స్కూళ్లకు 4,00,000కు అరువు మీద అమ్మాడు. జీతాలు, కరెంటు, అద్దె కలిపి 1,00,000 చెల్లించాడు. మెషీన్ ఐదేళ్లు పనిచేస్తుందని అంచనా, కాబట్టి నెలకు 10,000 తరుగుదల. కాగితం కంపెనీకి సగం, అంటే 1,50,000 కట్టాడు. లాభం ఎంత? అమ్మకం 4,00,000 లోంచి కాగితం 2,00,000, ఖర్చులు 1,00,000, తరుగుదల 10,000 తీసేస్తే 90,000. మొదటి నెలలోనే 90 వేలు! కానీ బ్యాంకులో చూస్తే మిగిలింది 1,50,000. పది లక్షలతో మొదలుపెట్టినాయన గుండె గుభేలుమనడం సహజం.

ఇప్పుడు ఎడమ వైపు చదవండి. బ్యాంకు 1,50,000. స్కూళ్ల నుంచి రావాల్సింది 4,00,000. మిగిలిన కాగితం 1,00,000. మెషీన్ 5,90,000. మొత్తం 12,40,000. కుడి వైపు: మూలధనం 10,00,000, లాభం 90,000, కాగితం కంపెనీకి ఇవ్వాల్సింది 1,50,000. మొత్తం 12,40,000. ఎక్కడా ఏదీ మాయం కాలేదు. ఆ 90 వేల లాభం స్కూళ్ల బాకీలో ఉంది, ఇంకా చేతికి రాలేదు. "మరి డబ్బేదీ?" అన్న ప్రశ్నకు ఎడమ వైపు జాబితాయే జవాబు. లాభం అనేది కుడి వైపు ఒక అంకె, ఎడమ వైపు అది ఏదో ఒక వస్తువుగానో బాకీగానో నిలవగానో ఉండి తీరాలి.

రెండో నెల ఇంకా బాగుంటుంది. వేసవి సెలవులొచ్చాయి, అమ్మకం 1,00,000కే పరిమితమైంది, అదీ అరువే. వాడిన కాగితం 50,000. జీతాలు, అద్దె మాత్రం మారలేదు, 1,00,000. తరుగుదల 10,000. నష్టం 60,000. కానీ స్కూళ్లు పాత బాకీలో 3,50,000 కట్టాయి, ఆయన కాగితం కంపెనీకి 50,000 కట్టాడు. బ్యాంకు నిలవ 3,50,000కు చేరింది. లాభం వచ్చిన నెలలో డబ్బు కరిగింది, నష్టం వచ్చిన నెలలో డబ్బు 2,00,000 పెరిగింది. ఎందుకో ఒక్కో ఖాతా తేడా పట్టుకుంటే తెలుస్తుంది. స్కూళ్ల బాకీ 2,50,000 తగ్గింది, కాగితం నిలవ 50,000 తగ్గింది, మెషీన్ విలువ 10,000 తగ్గింది. ఇవన్నీ డబ్బుగా మారినట్టు, లేదా డబ్బు అడగకుండా ఖర్చయినట్టు. మొత్తం 3,10,000. అందులోంచి కాగితం కంపెనీ బాకీ తగ్గిన 50,000, నష్టం 60,000 తీసేస్తే సరిగ్గా 2,00,000. కంపెనీల వార్షిక నివేదికల్లో కనిపించే నగదు ప్రవాహ పట్టిక చేసే పని ఇదే. అందులో వ్యాపారం నడపడం వల్ల వచ్చిన నగదు, ఆస్తులు కొనడం అమ్మడం వల్ల కదిలిన నగదు, అప్పులు, మూలధనం వల్ల కదిలిన నగదు అని మూడు భాగాలుంటాయి. కొత్తగా నేర్చుకునే మేనేజర్‌కు నా సలహా, ఎవరి పుస్తకమో చదివేకన్నా తన సొంత విభాగానికి రెండు నెలల లెక్క ఇలా కాగితం మీద వేసుకోవడం. పావుగంట పని. ఆ పావుగంటలో దొరికేది ఎన్ని సెమినార్లు విన్నా దొరకదు.

అరువు అమ్మకాన్ని డబ్బు రాకముందే అమ్మకంగా ఎందుకు రాయాలని కొందరు అడుగుతారు. రాయకపోతే మొదటి నెల పనంతా వృథా అయినట్టు, రెండో నెల ఏ పనీ చేయకుండానే సంపాదించినట్టు కనిపిస్తుంది. పని జరిగిన కాలానికి దాని ఆదాయాన్నీ దాని ఖర్చునూ జత చేస్తేనే పనితీరు తెలుస్తుంది. 2013 కంపెనీల చట్టం 128వ సెక్షన్ ఈ పద్ధతినీ, జంటపద్దునూ కలిపి తప్పనిసరి చేసింది. దీనికి మనం చెల్లించే మూల్యం ఏమిటంటే, లాభం అనే అంకెలోకి మనిషి అంచనా చొరబడుతుంది. ప్రెస్సు మెషీన్ ఐదేళ్లు కాకుండా పదేళ్లు వస్తుందనుకుంటే తరుగుదల నెలకు 5,000, మొదటి నెల లాభం 95,000. బ్యాంకులో ఒక్క రూపాయి కూడా మారదు. ఏ స్కూలు డబ్బు ఎగ్గొడుతుందో, పాత కాగితానికి ఎంత విలువ కట్టాలో, ఇవన్నీ అంచనాలే. అంచనా ఉన్నచోట దాన్ని ఎవరు వేశారో, పోయిన ఏడాది ఏ అంచనా వేశారో, ఈ ఏడాది ఎందుకు మార్చారో అడగడం మేనేజర్ హక్కు.

పచోలి చివరి అధ్యాయాల్లో లెక్క సరిచూసే పద్ధతి ఉంది. ఒకరు చిట్టా పట్టుకుని పద్దు చదవాలి, ఇంకొకరు ఆవర్జా పట్టుకుని అది ఉందో లేదో చూసి చుక్క పెట్టాలి. అన్నీ సరిపోయాక ఆవర్జాలోని డెబిట్‌లన్నీ ఒకవైపు, క్రెడిట్‌లన్నీ ఒకవైపు కూడాలి. రెండూ సమానమైతే అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్స్, కుదిరినట్టు. లాభనష్టాల ఖాతాను మూలధనంలో కలిపి పుస్తకం ముగించి, నిలవలు కొత్త పుస్తకానికి మోసుకెళ్లాలి. భాగస్వాములతో చేసే వ్యాపారమైతే ఏటా తప్పకుండా ముగించమన్నాడు, స్నేహం నిలవాలంటే అది అవసరమన్నాడు.

అంకణా కుదరడాన్ని చాలామంది నిజానికి రుజువుగా తీసుకుంటారు. అంత బరువు దాని మీద వేయకూడదు. రెండు వైపులా సమానంగా ఉందంటే ప్రతి పద్దూ రెండు చోట్ల పడిందని అర్థం, ఆ రెండూ సరైన చోట్లేనని కాదు. అమెరికాలో వరల్డ్‌కామ్ టెలిఫోన్ కంపెనీ ఇతర కంపెనీల లైన్లు వాడుకున్నందుకు కట్టిన రుసుములను ఖర్చుగా రాయకుండా ఆస్తిగా రాసింది. డెబిట్ పడాల్సింది ఖర్చు ఖాతాలో, పడింది ఆస్తి ఖాతాలో. మొత్తాలు చక్కగా సరిపోయాయి, లాభం మాత్రం పెరిగి కనిపించింది. 2002 జూన్ 25న కంపెనీయే 380 కోట్ల డాలర్ల ఖర్చును ఇలా దాచినట్టు ప్రకటించింది. దాన్ని పట్టుకున్నది కంపెనీలోని ఇంటర్నల్ ఆడిట్ బృందమే. ఆవర్జాలోని ఆ పెద్ద పద్దులు పట్టుకుని వెనక్కి వెళ్తే వాటికి ఆధారమైన కాగితం దొరకలేదు. మార్జిన్‌లోని పేజీ అంకె పట్టుకుని ఆవర్జా నుంచి చిట్టాకు, చిట్టా నుంచి కచ్చాకు నడిచే దారి వెనిస్‌లో ఎందుకు వేశారో ఇలాంటి చోట తెలుస్తుంది.

మన హైదరాబాద్ ఉదాహరణ ఇంకా లోతైనది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ బయటికి వచ్చింది. దాన్ని నేరం ఒప్పుకోలుగా అందరూ చదివారు. జంటపద్దు తెలిసినవాళ్లకు అందులో ఒక చిన్న లెక్క కనిపిస్తుంది. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు కంపెనీ చూపిన ఆదాయం 2,700 కోట్లు, అసలు ఆదాయం 2,112 కోట్లు. తేడా 588 కోట్లు. చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు, అసలు లాభం 61 కోట్లు. తేడా మళ్లీ 588 కోట్లు. ఆ ఒక్క త్రైమాసికంలోనే బ్యాంకు నిలవలు లేనివి ఉన్నట్టుగా 588 కోట్ల మేర పెరిగాయని లేఖ చెబుతోంది. ఒకే అంకె మూడు చోట్ల! లేని ఆదాయాన్ని కుడి వైపు రాస్తే ఎడమ వైపు ఏదో ఒకటి పెరగక తప్పదు. బాకీల్లో పెడితే ఇన్నాళ్లయినా ఎందుకు వసూలు కాలేదని ఎవరో అడుగుతారు. కాబట్టి చాలావరకు బ్యాంకు నిలవగానే పెట్టారు. సెప్టెంబరు 30 నాటికి పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిలవల్లో 5,040 కోట్లు లేనివే.

అక్కడితో ఆగలేదు. బ్యాంకులో డిపాజిట్లు ఉన్నాయని చూపాక వాటికి వడ్డీ రావాలి కదా, అందుకే లేఖలో 376 కోట్ల లేని వడ్డీ కూడా ఉంది. బాకీలు 490 కోట్ల మేర ఎక్కువ చేసి చూపారు. 1,230 కోట్ల అప్పును అసలు చూపలేదు. ఒక అబద్ధం రెండో వైపు ఇంకో అబద్ధాన్ని అడిగింది, ఆ రెండోది మూడోదాన్ని అడిగింది, ఏ త్రైమాసికానికి ఆ త్రైమాసికం కలుస్తూ అంతరం పెరిగిపోయింది. 2008 డిసెంబరులో మేటాస్ కంపెనీల కొనుగోలుకు జరిగిన ప్రయత్నం లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను నింపడానికి చేసిన చివరి ప్రయత్నమని లేఖలోనే ఉంది. వెనిస్ గుమాస్తాల ఏర్పాటుకు ఉన్న బలం ఇక్కడ బయటపడింది. ఆ ఏర్పాటు అబద్ధాన్ని ఆపలేదు, కానీ దాన్ని ఎక్కడో ఒకచోట, పేరున్న ఖాతాలో, అంకెగా నిలబడేలా చేసింది. అలా నిలబడినదాన్ని వెళ్లి చూసేవాళ్లు ఉంటే పట్టుకోవచ్చు.

వెళ్లి చూడడం అన్నదే అసలు పని. సరుకును గోడౌన్‌లో లెక్కపెట్టాలి. బాకీని బాకీదారుతో రాయించుకోవాలి. బ్యాంకు నిలవను బ్యాంకునే అడగాలి, ఆ జవాబు కంపెనీ ఉద్యోగుల చేతుల మీదుగా కాకుండా ఆడిటర్‌కు నేరుగా రావాలి. సత్యం ఆడిట్‌లో బ్యాంకు నిలవల ధ్రువీకరణ సరిగా జరగలేదని 2011 ఏప్రిల్‌లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ ఆ ఆడిట్ సంస్థ మీద చర్య తీసుకుంది. పచోలి కూడా బ్యాంకులతో, ప్రభుత్వ కార్యాలయాలతో జరిపే లావాదేవీల గురించి విడిగా హెచ్చరించాడు. అక్కడి గుమాస్తాలు తరచూ మారుతుంటారు, ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి, కాబట్టి ప్రతిదానికీ రాతపూర్వకంగా ఆధారం తీసుకుని మీ పుస్తకాన్ని వాళ్ల పుస్తకంతో సరిచూసుకుంటూ ఉండమన్నాడు.

మేనేజర్‌కు ఆడిటర్ అధికారాలు ఉండవు. అయినా అతని చేతిలో చాలా ఉంది. నెలాఖరు కాగితం వచ్చినప్పుడు లాభం అంకె దగ్గర మొదలుపెట్టకుండా బాకీల జాబితా దగ్గర మొదలుపెట్టవచ్చు. 30 రోజుల్లోపువి ఎన్ని, 90 రోజులు దాటినవి ఎన్ని అని విడగొట్టి అడగవచ్చు. మన అమ్మకాలు పది శాతం పెరిగి బాకీలు నలభై శాతం పెరిగితే, పెరిగిన అమ్మకం ఎవరి ఖాతాలో నిలిచిందో పేరు పేరునా చూడవచ్చు. కదలని స్టాకు ఏ అరలో ఉందో నడిచి వెళ్లి చూడవచ్చు. మూడు, నాలుగేళ్ల లాభాలను కలిపి, అదే కాలానికి వ్యాపారం నుంచి వచ్చిన నగదును పక్కన వేసి చూడవచ్చు. ఒక ఏడాది తేడాకు వంద కారణాలుంటాయి, నాలుగేళ్ల పాటు లాభం ముందు నడిచి నగదు వెనకబడితే ఆ లాభం ఏ ఖాతాలో పేరుకుందో ఎడమ వైపు జాబితాలో వెతకాలి. అది దొరికేదాకా అకౌంటెంట్‌ను అడుగుతూనే ఉండాలి. మంచి అకౌంటెంట్ ఆ ప్రశ్నకు చిన్నబుచ్చుకోడు. ఖాతా పేరు, పేజీ, తేదీ, దాని వెనకున్న బిల్లు అన్నీ తీసి ముందు పెడతాడు, ఆ నాలుగూ వరసగా చేతికి అందేలానే అతనికి ఈ పని నేర్పారు.